డౌన్‌ఫ్లోనా, క్రాస్‌ఫ్లోనా, డబుల్ పాసా? ఏసీ పెట్టిన అంబాసిడర్‌కి ఏ రేడియేటర్ వేయాలి?

బెజవాడ_అంబీ

అందరికీ నమస్కారం. నాది ఇసుజు 1800 పెట్రోల్ ఇంజిన్ అంబాసిడర్. నాన్నగారి బండి, అమ్మే ఉద్దేశం లేదు. ఏసీ కంపెనీది కాదు, తర్వాత బయట షాపులో పెట్టించాం. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడితే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోతుంది. ఏసీ ఆపేస్తే నెమ్మదిగా దిగుతుంది. హైవే మీద బాగానే ఉంటుంది. శ్రీశైలం వెళ్తే మాత్రం దోర్నాల దాటి ఘాట్ ఎక్కేటప్పుడు మళ్ళీ అదే టెన్షన్.

ఆటోనగర్‌లో అడిగితే ముగ్గురు మూడు మాటలు చెప్పారు. ఒకాయన పాత ఇత్తడి రేడియేటర్‌కే కొత్త కోర్ (మధ్యలో గొట్టాలు, రెక్కలు ఉండే భాగం) వేసి, రెండు వరసల చోట మూడు వరసల గొట్టాలు పెడదాం అన్నాడు. ఇంకొకాయన అదంతా పాత చింతకాయ పచ్చడి, పక్కలకు ట్యాంకులుండే అల్యూమినియం క్రాస్‌ఫ్లో కూర్చోబెడతా, బ్రాకెట్లు నేనే వెల్డింగ్ చేస్తా అన్నాడు. మూడో షాపులో కుర్రాడు ఫోన్‌లో డబుల్ పాస్ రేడియేటర్ ఫొటో చూపించి "ఇందులో నీళ్ళు రెండుసార్లు చల్లబడతాయి సార్" అన్నాడు. వినడానికి అదే బాగుంది, ధర కూడా దానిదే ఎక్కువ.

నిజంగా ఈ మూడింటికీ తేడా ఎంత? తెలిసినవాళ్ళు చెప్పండి.

టంకం_బాబాయ్

అంబీ గారూ, ముందు కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక ముక్క. మీ బండిలో ఉన్నది డౌన్‌ఫ్లో. పైన ఒక ట్యాంకు, కింద ఒక ట్యాంకు, మధ్యలో నిలువు గొట్టాలు. ఇంజిన్ నుంచి వేడి నీళ్ళు పై ట్యాంకులోకి వచ్చి, కిందకి దిగి, కింది హోస్ పైపు గుండా పంపుకి పోతాయి. అంబాసిడర్, పద్మిని, పాత మహీంద్రా జీపులు, ట్రాక్టర్లు, లారీలు చాలావరకు ఈ బాపతే. క్రాస్‌ఫ్లోలో ట్యాంకులు కుడి ఎడమలకు ఉంటాయి, గొట్టాలు అడ్డంగా పడుకుంటాయి.

రేడియేటర్ పని చేసేవాడిని కాబట్టి ఇత్తడి వైపు మాట్లాడతానని అనుకోకండి, ఇప్పుడు నా దగ్గరకు వచ్చేవాటిలో ఎక్కువ అల్యూమినియంవే. నా అనుభవంలో నిలువా అడ్డమా అన్న దాని వల్ల బండి వేడెక్కడం నేను చూడలేదు. గొట్టాలు పూడుకుపోయి, వాటికి అంటుకుని ఉండే సన్నటి రేకు రెక్కల మధ్య మట్టి నిండి, ఫ్యాన్ కవర్ పీకేసి ఉన్న బండ్లే చూశాను.

ఒకటి చెప్పండి. మీ ఫ్యాన్ చుట్టూ కవర్ ఉందా?

బెజవాడ_అంబీ

లేదు బాబాయ్. ఏసీ పెట్టేటప్పుడు అడ్డం వస్తోందని తీసేశారట. ఆ కవర్ ఇప్పుడు ఎక్కడుందో కూడా తెలియదు.

టంకం_బాబాయ్

సగం జబ్బు అక్కడే దొరికింది.

లెక్కల_మాస్టారు

టంకం బాబాయ్ గారు చెప్పింది నిజం. ఎందుకు నిజమో లెక్కలో చూపిస్తాను. నేను చదువు చెప్పేది హీట్ ట్రాన్స్‌ఫరే కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మీ బండి ఘాట్ మీద బరువుగా లాగుతున్నప్పుడు రేడియేటర్ 30 కిలోవాట్ల వేడిని బయటకు పంపాలి అనుకుందాం. పంపు నిమిషానికి 60 లీటర్లు, అంటే సెకనుకు ఒక లీటరు కూలెంట్ తిప్పుతోంది అనుకుందాం. సగం నీళ్ళు, సగం గ్లైకాల్ (నీళ్ళు త్వరగా మరగకుండా కలిపే ద్రవం) ఉన్న మిశ్రమం అయితే ఆ లీటరు కోర్ దాటేసరికి దాదాపు 8 డిగ్రీలు చల్లబడితే చాలు. అదే 30 కిలోవాట్లను గాలి మోసుకుపోవాలంటే, గాలి 30 డిగ్రీలు వేడెక్కినా సరే, సెకనుకు సుమారు ఒక కిలో గాలి కావాలి. అంటే 900 లీటర్లు. ఒక లీటరు నీటికి 900 లీటర్ల గాలి! కోర్‌లో కష్టం ఎటువైపు ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది. రెక్కల నుంచి గాలిలోకి వేడి దిగడమే అసలు అడ్డంకి. గొట్టం లోపల నీళ్ళ నుంచి లోహంలోకి దిగడం దాంతో పోలిస్తే సులువు.

కాబట్టి ఒకే వెడల్పు, ఒకే ఎత్తు, ఒకే మందం, ఒకే రకం రెక్కలు ఉన్న రెండు కోర్‌లు తీసుకుని, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెట్టి, ఒకే గాలి, ఒకే నీళ్ళు పంపితే అవి పారేసే వేడిలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

మరి చాలా కార్లు క్రాస్‌ఫ్లోకి ఎందుకు వెళ్ళాయి అంటే బానెట్ వల్ల. 1960ల నుంచి, ముఖ్యంగా అమెరికన్ కార్లలో, బానెట్ ఎత్తు తగ్గుతూ వచ్చింది. ఎత్తుకి చోటు లేదు, వెడల్పుకి ఉంది. పైన కింద ట్యాంకులు పెడితే ఉన్న కాస్త ఎత్తునూ అవే తినేస్తాయి. వాటిని పక్కలకు తోసేస్తే ఎత్తంతా కోర్‌కే దక్కుతుంది. అలాగని డౌన్‌ఫ్లో పోలేదు. జపాన్ కంపెనీలు చిన్న కార్లలో పైన కింద ప్లాస్టిక్ ట్యాంకులతో డౌన్‌ఫ్లో చాలాకాలం వాడాయి.

గుట్టల_జీపు

ఒక చిన్న విషయం కలుపుతాను. పూర్వం పంపు లేని బండ్లు ఉండేవి. ఫోర్డ్ మోడల్ టిలో తొలినాళ్ళవి తప్ప మిగతా వాటికి వాటర్ పంపు లేదు. వేడి నీళ్ళు పైకి లేస్తాయి, చల్లబడినవి దిగుతాయి, అంతే. ఆ పద్ధతికి నిలువు గొట్టాలే గతి. డౌన్‌ఫ్లో అలవాటు అప్పటి నుంచి వచ్చిందే.

లారీ_లైన్

మాస్టారు గారూ, లెక్కలు సరే. నేను ముప్పై ఏళ్ళు లైన్ మీద తిరిగినవాణ్ణి. నీళ్ళు కోర్‌లో నిదానంగా పోతేనే చల్లబడతాయి. పరిగెత్తితే వేడి వదలడానికి టైమ్ ఏది? థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) పీకేసిన బండ్లు వేడెక్కడం నేను కళ్ళారా చూశాను. డబుల్ పాస్‌లో నీళ్ళు ఎక్కువసేపు లోపల ఉంటాయి, అందుకే అది మంచిది.

డాలస్_పికప్

ఈ మాట ఇక్కడ అమెరికాలో కూడా ప్రతి కార్ క్లబ్‌లో వినబడుతుంది అన్నా. ఖండాలు దాటిన నమ్మకం ఇది 😄

లెక్కల_మాస్టారు

లారీ లైన్ గారూ, మీరు కళ్ళారా చూసింది అబద్ధం కాదు. దానికి కారణం మాత్రం వేరు.

పై ఉదాహరణే తీసుకోండి. కూలెంట్ 95 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్ళి 87 దగ్గర బయటకు వస్తోంది. సగటున కోర్ 91 డిగ్రీల దగ్గర ఉంది. బయట గాలి 42. ఆ రెంటి మధ్య తేడా 49 డిగ్రీలు. వేడిని నెట్టేది ఆ తేడానే.

ఇప్పుడు నీళ్ళను సగానికి తగ్గించి నిమిషానికి 30 లీటర్లు చేద్దాం. అదే వేడి పోవాలంటే 16 డిగ్రీలు పడాలి. 95 దగ్గర వెళ్ళి 79 దగ్గర రావాలి. కింది హోస్ పట్టుకుంటే "అబ్బ, ఎంత చల్లగా ఉందో" అనిపిస్తుంది. కానీ కోర్ సగటు 87కి పడిపోయింది, గాలితో తేడా 45 అయింది. తేడా తగ్గితే పోయే వేడీ తగ్గుతుంది. అంటే 30 కిలోవాట్లు పోవు. పోవాలంటే ఇంజిన్ నుంచి వచ్చే నీళ్ళు 99కి ఎక్కాలి. నీళ్ళు నెమ్మదించినందుకు ఇంజిన్ 4 డిగ్రీలు ఎక్కువ వేడెక్కింది. నెమ్మదిగా కదిలే నీళ్ళు గొట్టం గోడకు వేడిని ఇవ్వడంలో కూడా వెనకబడతాయి, అది ఈ లెక్కలో వేయలేదు.

ఒక చెంబుడు నీళ్ళను చూస్తే, అవి లోపల ఎక్కువసేపు ఉంటే ఎక్కువ చల్లబడే మాట నిజమే. కానీ రేడియేటర్‌లోంచి చెంబులు వరసగా వస్తూనే ఉంటాయి. నిమిషానికి ఎన్ని వచ్చాయి, ఒక్కోటి ఎంత వేడి వదిలింది, రెండూ కలిపి చూడాలి.

థర్మోస్టాట్ పీకితే వేడెక్కడం సంగతికి వస్తాను. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ కింద ఒక మూత ఉంటుంది. బండి వేడెక్కగానే అది బైపాస్ దారిని (రేడియేటర్‌కి పోకుండా నీళ్ళు మళ్ళీ ఇంజిన్‌లోకే తిరిగే అడ్డదారిని) మూసేసి నీళ్ళన్నిటినీ రేడియేటర్ వైపు పంపుతుంది. దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్ళలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్ళీ ఇంజిన్‌లోకి పోతుంది. అలా బైపాస్ లేని కొన్ని పాత ఇంజిన్లలో ఇంకో సంగతి. థర్మోస్టాట్ ఇచ్చే కాస్త అడ్డు వల్ల బ్లాక్ లోపల ఒత్తిడి నిలబడి, సిలిండర్ హెడ్ చుట్టూ ఆవిరి బుడగలు పుట్టకుండా ఉంటాయి. అడ్డు తీస్తే అక్కడక్కడా నీళ్ళు మరిగిపోతాయి. రెండు సందర్భాల్లోనూ నీళ్ళ వేగం నేరం ఏమీ లేదు.

లారీ_లైన్

బైపాస్ సంగతి ఒప్పుకుంటా. లేలాండ్ ఇంజిన్‌లో ఆ మూత నేనూ చూశా. మిగతాది ఆలోచించుకుంటా 🙏

పాలిటెక్నిక్_కుర్రోడు

సర్, నాదొక డౌట్. గాలివైపే కష్టం అయితే డబుల్ పాస్ ఎందుకు కనిపెట్టారు? రేసు కార్లలో అవే వాడతారు కదా?

డాలస్_పికప్

దీనికి నేను చెప్తా తమ్ముడూ. నా దగ్గర 1980ల నాటి పికప్ ఉంది, వీ8, క్రాస్‌ఫ్లో. డబుల్ పాస్ వేద్దామని తెగ చదివి, చివరికి మానేశాను.

డబుల్ పాస్ అంటే ఒక పక్క ట్యాంకు మధ్యలో అడ్డుగోడ పెడతారు. నీళ్ళు పై సగం గొట్టాల్లో అవతలికి వెళ్ళి, అవతలి ట్యాంకులో మలుపు తిరిగి, కింది సగంలో వెనక్కి వస్తాయి. రెండు హోసులూ ఒకేవైపు ఉంటాయి. గొట్టాల సంఖ్య సగమైంది కాబట్టి అంతే నీళ్ళు పంపితే ప్రతి గొట్టంలో వేగం రెట్టింపు అవుతుంది, నడవాల్సిన దూరమూ రెట్టింపవుతుంది. లాభం అంతా ఆ వేగం నుంచే వస్తుంది. సన్నటి గొట్టంలో నీళ్ళు నెమ్మదిగా, పొరలు పొరలుగా పోతుంటే మధ్యలో ఉన్న వేడి గోడకు చేరదు. వేగం పెరిగి సుడులు పుడితే చేరుతుంది. అందుకని నీళ్ళు తక్కువగా తిరిగే చోట డబుల్ పాస్ బాగా పనికొస్తుంది. అప్పటికే సుడులు తిరుగుతూ పోతున్న చోట లాభం చిన్నది.

రేసు ఇంజిన్ గంటల తరబడి పైస్థాయి ఆర్‌పీఎంలో తిరుగుతుంది, పంపు అందుకు తగ్గట్టు ఉంటుంది, రేడియేటర్ మూత ఎక్కువ ఒత్తిడి తట్టుకుంటుంది. ట్రాఫిక్‌లో 800 ఆర్‌పీఎంలో నిలబడే బండి కథ వేరు. ఇంకో మాట, చాలా కార్లలో డబుల్ పాస్ పెట్టేది చల్లదనం కోసం కాదు, రెండు హోసులూ ఒకే పక్కకు వస్తే పైపులు సర్దడం తేలిక కాబట్టి.

లెక్కల_మాస్టారు

డాలస్ గారు చెప్పినదానికి మూల్యం ఎంతో చూద్దాం. 650 మి.మీ. వెడల్పు, 400 మి.మీ. ఎత్తు ఉన్న కోర్ అనుకోండి, 10 మి.మీ.కి ఒక గొట్టం.

డౌన్‌ఫ్లో అయితే 400 మి.మీ. పొడవున్న 65 గొట్టాలు. క్రాస్‌ఫ్లో అయితే 650 మి.మీ. పొడవున్న 40. అంతే నీటికి క్రాస్‌ఫ్లోలో వేగం 1.6 రెట్లు, దూరం 1.6 రెట్లు. గొట్టాల్లో పంపు ఎదుర్కొనే అడ్డు దాదాపు 4 రెట్లు. దాన్నే డబుల్ పాస్ చేస్తే 20 గొట్టాలు, 1300 మి.మీ. నడక. మామూలు క్రాస్‌ఫ్లో కన్నా 7 నుంచి 8 రెట్ల అడ్డు. డౌన్‌ఫ్లోతో పోలిస్తే 30 రెట్లకు అటూ ఇటూ. ట్రిపుల్ పాస్ లెక్క మీరే వేసుకోండి, నాకు భయమేస్తోంది.

మొత్తం దారిలో కోర్ గొట్టాలు ఒక భాగమే. బ్లాక్, థర్మోస్టాట్, హోసులు కూడా అడ్డే. కాబట్టి 8 రెట్లు అన్నంత మాత్రాన నీళ్ళు ఎనిమిదో వంతుకు పడిపోవు. కానీ బెల్టుతో తిరిగే పాతకాలం పంపుకి తోసే బలం తక్కువ, నీళ్ళు తగ్గడం ఖాయం. పైన చూశాం కదా, తగ్గితే ఏమవుతుందో. వేగం వల్ల ఒక చేత్తో వచ్చింది ఇంకో చేత్తో పోతుంది.

తమ్ముడూ, నీకు ఇంకో ముక్క. మలుపు పక్కకు కాకుండా ముందు వెనకలకు ఉండే డబుల్ పాస్ కూడా ఉంటుంది. వేడి నీళ్ళు మొదట ఇంజిన్ వైపు వరసలో పోయి, తర్వాత గ్రిల్ వైపు వరసలోకి వస్తాయి. అప్పుడు తాజా గాలి చల్లటి నీళ్ళను, వేడెక్కిన గాలి ఇంకా వేడిగా ఉన్న నీళ్ళను తాకుతుంది. మందపాటి కోర్‌లకు అది తెలివైన అమరిక.

టంకం_బాబాయ్

డబుల్ పాస్‌లో నేను చూసిన తిప్పలు రెండు. ఒకటి, అడ్డుగోడకు పైన ఉన్న గొట్టం బాగా వేడి, కింద ఉన్న గొట్టం చల్లన. ఒకటి సాగుతుంది, పక్కది సాగదు. ఎప్పుడూ ఆ రెండు గొట్టాల మొదళ్ళ దగ్గరే చీలిక వస్తుంది. రెండు, కోర్ అడ్డు ఎక్కువైతే పంపు కింది హోస్ నుంచి గట్టిగా పీలుస్తుంది. ఆ హోస్‌లో స్ప్రింగు లేకపోతే ఇంజిన్ రేజ్ చేసినప్పుడు చప్పిడి ముక్కులా నొక్కుకుపోతుంది. ఐడిల్‌లో చూస్తే మామూలుగానే ఉంటుంది, అందుకని ఎవరికీ దొరకదు. అనుమానం ఉన్నవాళ్ళు బానెట్ ఎత్తి, ఇంకొకరిని యాక్సిలరేటర్ తొక్కమని చెప్పి, కింది హోస్ మీద కన్నేసి ఉంచండి.

గుట్టల_జీపు

అందరూ సమానం అంటున్నారు గానీ క్రాస్‌ఫ్లోకి ఒక అసలైన లాభం ఉంది, మూత ఉండే చోటు. డౌన్‌ఫ్లోలో మూత పై ట్యాంకు మీద, అంటే పంపు తోసే వైపు ఉంటుంది. ఇంజిన్ రేజ్ చేసినప్పుడు కోర్ అడ్డు వల్ల పై ట్యాంకులో ఒత్తిడి పెరిగి, నీళ్ళు మరగకపోయినా మూత లేచి కొంచెం కక్కుతుంది. కోర్ పూడుకుపోయిన బండ్లలో ఇది ఇంకా ఎక్కువ. క్రాస్‌ఫ్లోలో మూతను బయటకు వెళ్ళే ట్యాంకు మీద, పంపు పీల్చే వైపు పెట్టుకోవచ్చు. అక్కడ పంపు తోపు తగలదు.

నష్టం కూడా చెప్తాను. మా స్నేహితుడి జీపుకి వేరే కారు క్రాస్‌ఫ్లో వేశారు. దాని మూత ఇంజిన్ పై హోస్ కన్నా దిగువన పడింది. నీళ్ళు నింపితే నిండినట్టే ఉంటుంది, గాలి మాత్రం ఇంజిన్ పైభాగంలో ఇరుక్కుని ఉంటుంది. హీటింగ్ ఆగలేదు సరికదా పెరిగింది. తర్వాత అన్నిటికన్నా ఎత్తులో ఒత్తిడి తట్టుకునే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు పెట్టి, దాని అడుగు నుంచి పంపు పీల్చే వైపుకి ఒక హోస్ కలిపాక సర్దుకుంది. డౌన్‌ఫ్లోలో ఈ గోల లేదు, గాలి తనంతట తానే పై ట్యాంకులోకి చేరుతుంది. లారీల్లో, ట్రాక్టర్లలో ఎక్కువగా అదే వాడేది ఎందుకంటే ఎత్తుకి చోటు ఉంది, గాలి వదలడం తేలిక.

టంకం_బాబాయ్

అంబీ గారూ, ఏదీ కొనకముందు ఒక పరీక్ష చేయండి. పైసా ఖర్చు లేదు, ఎవరి దగ్గరైనా ఇన్‌ఫ్రారెడ్ గన్ (తాకకుండా దూరం నుంచే వేడి కొలిచేది) అడిగి తీసుకోండి. ఇత్తడి మీద నేరుగా కొడితే తప్పు చూపిస్తుంది, మెరిసే లోహంతో దానికి పడదు. రబ్బరు హోస్ మీద కొట్టండి, కోర్ మీద నల్లరంగు ఉంటే సరే.

ఏసీ వేసి, నిలబడి, ముల్లు ఎక్కినప్పుడు పై హోస్, కింది హోస్ చూడండి. రెండిటికీ తేడా నాలుగైదు డిగ్రీలే ఉంటే నీళ్ళు తిరుగుతున్నాయి, గాలి వేడిని తీసుకెళ్ళడం లేదు. తేడా పాతిక, ముప్పై ఉంటే నీళ్ళే సరిగ్గా తిరగడం లేదు. తర్వాత ఏసీ ఆపి, ఇంజిన్ 2500 దగ్గర పట్టి, కోర్ మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు అడుగడుగునా కొట్టుకుంటూ పోండి. మధ్యలో చల్లటి పట్టీ తగిలితే అక్కడి గొట్టాలు పూడుకున్నట్టు.

ఇంకోటి, రేడియేటర్ మూత మీద ఎంత ఒత్తిడి రాసి ఉందో చూడండి.

బెజవాడ_అంబీ

చేశాను బాబాయ్. ఏసీతో ట్రాఫిక్‌లో పై హోస్ 101, కింది హోస్ 96. కోర్ మీద పై హోస్‌కి దూరంగా ఉన్న వైపు దాదాపు మూడో వంతు చల్లగా ఉంది, చుట్టుపక్కల 85 అయితే అక్కడ 60 లోపే. మూత మీద 7 అని ఉంది. కూలెంట్ కాదు, ఎప్పటినుంచో బోరు నీళ్ళే పోస్తున్నారట. మూత తీస్తే లోపల గొట్టాల నోళ్ళ చుట్టూ తెల్లటి పెచ్చు గట్టిపడి ఉంది, గోటితో గీకితే రావడం లేదు.

టంకం_బాబాయ్

ఇంకేముంది, రెండు జబ్బులూ ఉన్నాయి. ట్రాఫిక్‌లో ఎక్కేది గాలి లేక. కవర్ లేని ఫ్యాన్ కోర్ వెనక నుంచి పీల్చదు, పక్కల నుంచి ఇంజిన్ వేడి గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది. దానికి తోడు ముందున్న ఏసీ కండెన్సర్ (ఏసీ వేడిని బయటకు వదిలే జాలీ) వేడి గాలినే రేడియేటర్‌కి ఇస్తోంది. ఘాట్ మీద ఎక్కేది మూడో వంతు కోర్ చచ్చిపోయి. ఆ పెచ్చు బోరు నీళ్ళ సున్నం. ఈ రెంటికీ క్రాస్‌ఫ్లోతో గానీ డబుల్ పాస్‌తో గానీ పని లేదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

పై ట్యాంకు టంకం విప్పి గొట్టాల్లో సన్నటి ఇనుప పట్టీ దూర్చి శుభ్రం చేయొచ్చు. కానీ ఇంత పాతదానికి రెక్కలు గొట్టాల్ని వదిలేసి ఉంటాయి, వేలితో నెడితే కదులుతాయేమో చూడండి. కదిలితే కొత్త కోర్ వేయించేయండి.

డాలస్_పికప్

మూడు వరసలు వేయాలా, నాలుగా అని ఎవరైనా అడిగితే మూడు చాలు అనండి. మొదటి వరసకు తాజా గాలి తగులుతుంది, తర్వాతి వరసలకు అప్పటికే వేడెక్కిన గాలి. పైగా మందం పెరిగితే ట్రాఫిక్‌లో ఫ్యాన్‌కి గాలి లాగడం కష్టం.

అల్యూమినియం సంగతి కూడా ఒక మాట. ఇత్తడి రేడియేటర్ల రెక్కల్లో వాడే రాగికి వేడిని మోసే గుణం అల్యూమినియం కన్నా ఎక్కువే. కానీ ఇత్తడి గొట్టాన్ని మరీ వెడల్పు చేస్తే ఒత్తిడికి ఉబ్బుతుంది, అల్యూమినియం గొట్టం అంగుళం వెడల్పు కూడా చేయొచ్చు. అంగుళం గొట్టాల రెండు వరసలు, అరంగుళం గొట్టాల నాలుగు వరసలకు సాటి వస్తాయి. గొట్టానికీ రెక్కకూ మధ్య టంకం బదులు బ్రేజింగ్ (టంకం కన్నా ఎక్కువ వేడిలో వేసే గట్టి అతుకు) ఉంటుంది, బరువూ తక్కువ. కాబట్టి "అల్యూమినియం వేశాక చల్లబడింది" అనేవాళ్ళు నిజమే చెప్తున్నారు, అయితే ఆ గొప్ప క్రాస్‌ఫ్లోది కాదు, కొత్త కోర్‌ది. ఇవతల మంచి కొత్త ఇత్తడి కోర్ వేసి పోల్చినవాళ్ళు ఎంతమంది?

లారీ_లైన్

అల్యూమినియం వేసి బోరు నీళ్ళు పోస్తే మాత్రం నాలుగు కాలాలు ఉండదు. చిల్లులు పడుతుంది. ఇత్తడి అయితే ఎక్కడో పల్లెటూళ్ళో ఆగిపోయినా టంకం వేసేవాడు దొరుకుతాడు. ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే లాగుడు బండి పిలవాల్సిందే. ఇది అనుభవం, దీనికి లెక్క అడక్కండి.

లెక్కల_మాస్టారు

దీనికి లెక్క అక్కర్లేదు సార్, పూర్తిగా ఒప్పుకుంటున్నాను.

మూత గురించి. 7 పౌండ్ల మూతతో మామూలు నీళ్ళు 111 డిగ్రీల దగ్గర మరుగుతాయి, 13 పౌండ్లతో 119 దగ్గర. సగం గ్లైకాల్ కలిపితే ఇంకా కాస్త పైకి వెళ్తుంది. అలాగని పాత రేడియేటర్ మీద 13 పెట్టేయకండి, బలహీనంగా ఉన్న టంకం కుట్టు దగ్గర వదిలేస్తుంది. కొత్త కోర్ వేశాక, కట్టేవాడినే అడిగి, ఒత్తిడి పరీక్ష చేయించి నిర్ణయించండి. మూత మార్చితే ఇంజిన్ చల్లబడదు, మరగడం ఆలస్యమవుతుంది, అంతే.

బెజవాడ_అంబీ

పని అయింది. మూడు వరసల ఇత్తడి కోర్, పాత పై ట్యాంకు, కింది ట్యాంకు అవే. రెక్కలు వేలితో నెడితే నిజంగానే కదిలాయి బాబాయ్, కొన్నిచోట్ల పొడిలా రాలాయి. ఫ్యాన్ కవర్ రేకుతో కొత్తది చేయించాను. మేస్త్రి మొదట ఫ్యాన్ రెక్కలు పూర్తిగా కవర్ లోపల పెట్టాడు, మీరు ఫోన్‌లో చెప్పాక సగం లోపల, సగం బయట ఉండేలా వెనక్కి జరిపించాను. అంచుకీ కవర్‌కీ అంగుళం సందు ఉంచాడు. కండెన్సర్ ముందు ఒక ఎలక్ట్రిక్ ఫ్యాన్, ఏసీ వేస్తే అదీ తిరుగుతుంది. నీళ్ళ బదులు కూలెంట్, స్వచ్ఛమైన నీళ్ళతో సగం సగం.

నిన్న మధ్యాహ్నం అదే బెంజ్ సర్కిల్, ఏసీ వేసి నిలబెట్టి చూశాను. పై హోస్ 91, కింది హోస్ 83. ఘాట్ ఇంకా చూడలేదు.

టంకం_బాబాయ్

8 డిగ్రీలు పడుతోందంటే గాలి పని చేస్తోంది. ఘాట్‌కి వెళ్ళేముందు ఒకసారి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి మట్టం చూసుకోండి, కొత్తగా నింపినవాటిలో గాలి బయటకు వచ్చాక కొంచెం తగ్గుతుంది.

పాలిటెక్నిక్_కుర్రోడు

సర్, చివరిగా ఒకటి. మా కాలేజీలో ఎలక్ట్రిక్ కారు విడదీశాం. దాని రేడియేటర్ చిన్నది, అయినా నీళ్ళు రెండుసార్లు తిరుగుతున్నాయి. మీరు చెప్పినదాని ప్రకారం అది దండగ కదా?

లెక్కల_మాస్టారు

దండగ కాదు, అక్కడే అది సరైన చోటు. మోటారుకీ ఇన్వర్టర్‌కీ పోయే కూలెంట్ 95 డిగ్రీలు కాకూడదు, చాలా బండ్లలో 65 లోపే ఉంచాలి. బయట 42 ఉంటే మిగిలిన తేడా 23 డిగ్రీలే. పంపు చిన్న ఎలక్ట్రిక్‌ది, నీళ్ళు తక్కువ. డాలస్ గారు చెప్పినట్టు నీళ్ళు తక్కువ తిరిగే చోట వేగం పెంచితే లాభం గట్టిగా కనిపిస్తుంది. టర్బో కార్లలో నీటితో చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉంటే దాని రేడియేటర్‌లో కూడా ఇలాంటి మలుపులు చూస్తావు. విడదీసిన దాని గొట్టాలు ఎన్నో, ఎంత పొడవో కొలిచి ఇక్కడ పెట్టు, పంపు మీద రాసి ఉన్న వాట్లు కూడా. లెక్క కలిసి వేద్దాం.

గుట్టల_జీపు

మాస్టారూ, ఆ లెక్క అయ్యాక నా మహీంద్రా 540 జీపుది కూడా ఒకటి ఉంది. కింది ట్యాంకు రాయి తగిలి సొట్టపడింది. కింది హోస్ మూతి దగ్గర ఎంత మూసుకుపోతే పంపుకి ఇబ్బందో తెలుసుకోవాలి.

టంకం_బాబాయ్

దానికి లెక్కెందుకు జీపు తమ్ముడూ, ట్యాంకు విప్పి తీసుకురా, లోపలి నుంచి కొట్టి సరిచేస్తా. వచ్చేటప్పుడు కింది హోస్‌లో స్ప్రింగు ఉందో లేదో చూసి రా.